కొత్త వాన, పాత వాన

లావణ్యక్క కౌంటరు మీద కాగితాల కట్ట పెట్టి, "ఒక్కోటి ఆరు సెట్లు తియ్యి చెల్లె" అంది. మా జిరాక్స్ షాపులో రోజుకు పదిసార్లు వినే మాటే. ఆధార్, రేషన్ కార్డు, పదో తరగతి మెమో, విడాకుల కాగితం... ఒక్కొక్కటీ గాజు మీద పెట్టి మూత వేస్తున్నాను. అయిదో కాగితం మరణ ధ్రువపత్రం. పేరు చదివి, చదవనట్టే బోర్లించాను. మిషన్‌లో వెలుతురు అటు నుంచి ఇటు పోయింది. ఆరుసార్లు పోయింది.

"సర్వీసుల ఉండంగ పోయిండు గదా, నాన్న నౌకరి నాకు ఇస్తరట" అంది అక్క.

వాళ్లింట్లో కొన్నేళ్లుగా ఆ నౌకరీ ముచ్చట తప్ప వేరే ముచ్చట లేదు. అదే ఇప్పుడు చేతికొస్తోంది. కానీ అక్క ఆ మాటను ఎవరిదో వస్తువు తన సంచిలో దొరికినట్టు చెప్పింది. నేను మామూలుగా అయితే కస్టమరు కాగితం ఇచ్చి తీసుకునేలోపు వాళ్లింటి సంగతులన్నీ అడిగేస్తాను. ఆ రోజు స్టాప్లర్ కోసం వెతుకుతున్నట్టు కౌంటరు కింద చాలాసేపు ఉండిపోయాను.

లావణ్యక్క నాన్న నాకు సొంత కాక, అంటే బాబాయి, కాదు. మా నాయనా ఆయనా ఒకే గనిలో పని చేశారు. మా గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అంటారు. "బాయి దిగిండు", "బాయి ఎక్కిండు" అంటే నీళ్ల బావి అనుకోకండి. అట్లా ఒకే బాయి వాళ్లు కాబట్టి నాకు కాక అయ్యాడు. పేరు రాయను. ఒకసారి ఆయన సంగతి ఊరికి చెప్పి నేను చేసిన నిర్వాకం చాలు.

మనిషి పొట్టి. మా షాపు షట్టరు పూర్తిగా ఎత్తితే ఒంటె కూడా నిలబడి లోపలికి రావచ్చు. అయినా కాక తల వంచి, ఒక చెయ్యి నెత్తికి అడ్డం పెట్టుకుని వచ్చేవాడు. ముప్పై ఏళ్లు తక్కువ ఎత్తు కప్పుల కింద తిరిగిన అలవాటు. "కాకా, మా కప్పు నిన్నేం అనదు" అనేదాన్ని. "కప్పును నమ్మొద్దు బిడ్డా" అనేవాడు. కూర్చునే ముందు గోడను రెండు వేళ్లతో తట్టి, చప్పుడు విని అప్పుడు ఆనుకునేవాడు.

ఆయన పని పంపు ఆపరేటర్. బాయి లోపల ఊరే నీళ్లను పైకి ఎత్తిపోసే పంపు దగ్గర కూర్చోవడం. ఆ చీకట్లో కళ్లతో పెద్దగా పని ఉండదు, అంతా చెవులతోనే. అందుకే మిషన్లను చూసేవాడు కాదు, వినేవాడు. ఒకసారి నేను వాగుతూ ప్రింట్లు తీస్తుంటే చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. లేచి వచ్చి ప్రింటరు మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇది గాలి గుంజుతున్నది. జర సేపైతే పట్టేస్తది."

"ఇది పంపు కాదు కాకా."

పది కాగితాలు కాకుండానే పట్టేసింది. లోపల నుంచి నలిగిన కాగితాన్ని ఆయనే మెల్లగా, చేప ముల్లు తీసినట్టు తీశాడు. ఆ రోజు నుంచి మా ప్రింటరు ఏ కొంచెం మూలిగినా కాక కోసం రోడ్డు మీదికి చూసేదాన్ని.

నన్ను 'రేడియో' అని పిలిచేవాడు. ఇంటర్ రెండో ఏడు తప్పి ఈ షాపులో కూర్చున్నప్పటి నుంచి అదే పేరు. "ఏం రేడియో, వార్తలేంది?" అంటే ఇక నేను మొదలుపెట్టేదాన్ని. ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, ఏ క్వార్టర్ ఖాళీ అయింది, ఏ బాయి మూసేస్తారట. ఆయన అన్నీ విని, చివరికి ఒక్కటే అడిగేవాడు: "వాన ముచ్చట చెప్పకపోతివి?"

వాన గురించి ఆయన లెక్కే వేరు. బయట దంచి కొడుతుంటే అందరం పైకి చూస్తాం. ఆయన కింద నేలను చూసేవాడు, నీళ్లు ఎటు ఇంకుతున్నాయా అని. "ఇయ్యాల మస్తు పడ్డది కాకా" అంటే, "గిది ఇంకా మాకు రాలే" అనేవాడు. పైన పడ్డ వాన భూమిలోకి దిగి, రాళ్ల సందుల్లో వెతుక్కుంటూ వెతుక్కుంటూ బాయి లోపలికి చేరడానికి పన్నెండు పదమూడు రోజులు పడుతుందట. కిందికి చుక్క చుక్కగా వచ్చేది పాత వాన. పైన ఇప్పుడు పడేది కొత్త వాన. "మీరంతా కొత్త వానల తడుస్తరు. నేను పాత వానల తడుస్త" అనేవాడు. ఈ పాత వాన, కొత్త వాన మాట మా కాలనీలో అందరికీ తెలుసు. పిల్లలు కూడా ఆయన కనపడితే, "కాకా, ఇయ్యాలటి వాన మీ బాయికి ఎప్పుడొస్తది?" అని ఆటపట్టించేవాళ్లు. ఆయన వేళ్లు మడిచి తిథి వారంతో సహా చెప్పేవాడు.

పోయిన ఏడు మృగశిర కార్తెలో, మొదటి వాన వెలిసిన సాయంత్రం, కాక తల వంచుకుని లోపలికొచ్చి ఎవరూ లేరని చూసుకుని అడిగాడు.

"రేడియో, నీ ఫోన్ల సముద్రం కాడ వాన సుత కనబడ్తదా?"

"ఏ సముద్రం?"

"ఎన్ని ఉన్నయే? మనదే. కాకినాడ, అంతర్వేది, మచిలీపట్నం."

సైకిల్ మీద పోతాడట. కాకినాడ దాకా రైల్లో, సైకిల్ సామాను డబ్బాలో. అక్కడ ఎక్కి, ఒడ్డు పట్టుకుని మచిలీపట్నం దాకా. నేను నవ్వాను. తప్పే, కానీ నవ్వొచ్చింది. ఎందుకంటే కాక మోకాళ్లు పోయాయని అప్పటికే ఊరంతా తెలుసు. మెడికల్ బోర్డుకు కాగితం పెట్టుకున్నాడు, ఆ కాగితం ప్రింటు తీసింది నేనే. బోర్డు డాక్టర్లు చూసి, ఏ పనికీ పనికిరాడు, అన్‌ఫిట్ అని రాస్తే ఆయన నౌకరీ బిడ్డకు వస్తుంది. లావణ్యక్క విడాకులై చిన్న పాపతో పుట్టింట్లో ఉంది. బట్టల షాపులో పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపిస్తుంది. నౌకరీకి వయసు హద్దు ఉంటుంది కదా, అక్కకు అది రెండేళ్ల దూరంలో ఉంది.

"మోకాళ్లు పోయినోడివి సైకిల్ ఎట్ల తొక్కుతవ్ కాకా?"

"గదే ఎవనికి అర్థం కాదు" అని ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించాడు, బత్తాయిలా ఉబ్బి ఉంది. "కాలు నేల మీద పెడితెనే లొల్లి. పెడల్ మీద పెడితె సప్పుడు చెయ్యది. బాయి దిగినంక పంపు కాడికి పోవాలంటే ఎంత నడవాలె, ఎట్లాంటి దిగుడు! ఆడ పాణం పోతది. సైకిల్ మీద ఎక్కితె పద్దెనిమిదేండ్ల పోరన్ని."

అబద్ధం కాదు. నేను తర్వాత కళ్లారా చూశాను. కౌంటరు నుంచి సైకిల్ దాకా నాలుగు అడుగులు వెయ్యడానికి గోడ పట్టుకునేవాడు. సైకిల్ ఎక్కాక ఎవరో వేరే మనిషి.

కానీ ఈ మాట మెడికల్ బోర్డుకు ఎవరు చెప్తారు, చెప్తే ఎవరు నమ్ముతారు? అందుకే చిన్నమ్మ, అంటే కాక భార్య, కాగితం పెట్టిన రోజే సైకిల్‌కి తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకుంది. "మోకాళ్లు లేవని రాసిచ్చి సైకిల్ తొక్కుతవా? చూసినోళ్లు నవ్వరా? బిడ్డ బతుకు చూడవా?" అంది. కాక ఎదురు చెప్పలేదు. బోర్డు అయ్యేదాకా ఆగుతానన్నాడు. దసరా లోపల బోర్డు అయిపోతుందని అందరి లెక్క. అటు తర్వాత నౌకరీ బిడ్డది, మోకాళ్లు తనవి, సైకిల్ తనది. అయితే ముప్పై ఏళ్లు భూమి లోపల కూర్చున్న మనిషి ఉన్నపళాన సముద్రం ఒడ్డున రోజుల తరబడి తొక్కలేడు కదా, ముందు నుంచీ అలవాటు చెయ్యాలి. ఒకరోజు ఆ తాళాన్ని ఎట్లా విప్పాడో ఏమో, సైకిల్ తెచ్చి మా షాపు వెనక గదిలో కాగితం పెట్టెల చాటున పెట్టి, "నీ కాడ ఉండనీయ్" అన్నాడు. నేను ఊరుకుంటానా? ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

ఇక మా ప్లాను చూడాలి. నాలుగు కాగితాల మీద కోస్తా మ్యాపు ప్రింటు తీసి గమ్ముతో అతికించాను. ఊళ్ల పేర్లు ఆయన కళ్లకు ఆనేంత పెద్దగా నేనే స్కెచ్ పెన్నుతో రాశాను. వాన లేని రోజులు చూసి పోవాలి. దానికి ఆయన దగ్గర పెద్ద ఆధారం ఉంది, ఒక నోటుబుక్కు. ఏళ్ల నుంచి వాన ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది అన్నీ రాసుకున్నాడు. వేళ్లతో గీతలు లాగి, "కార్తీకం మొదటి వారం. దానికి ఇటు లేదు, అటు లేదు. చుక్క పడది" అని తేల్చాడు.

నేను ఆ పుస్తకం తీసుకుని తిరగేశాను. ఏదీ కలవడం లేదు. మా ఇంట్లో నీళ్లు చొచ్చి బియ్యం తడిసిన రోజు నాకు బాగా గుర్తు. ఆయన పుస్తకంలో ఆ రోజు "వాన లేదు" అని ఉంది. రెండు వారాల తర్వాత, ఎండ మండిన రోజున "మస్తు వాన" అని ఉంది. అప్పుడు వెలిగింది నాకు.

"కాకా! ఇదంతా పాత వాన! బాయిలకు వచ్చినంక రాసినవు నువ్వు!"

ఆయన పుస్తకం లాక్కుని చూశాడు. చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్ల రాత అంతా పదమూడు రోజులు వెనక నడుస్తోందని అప్పుడే తెలిసినట్టు ముఖం పెట్టాడు. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"మరి నాకు అప్పుడే గదనే వాన పడేది!"

సరిగ్గా అప్పుడే జ్యోతినగర్ టీచరమ్మ ప్రశ్నపత్రాల జిరాక్స్ కోసం వచ్చింది. వాళ్లాయన పవర్ ప్లాంటులో ఇంజనీరు. ఆమెది నరసాపురం దగ్గర ఊరు. మా మ్యాపు మీద తన ఊరు కనపడగానే పేపర్ల సంగతి వదిలేసి కూర్చుంది. కార్తీకం మాట వినగానే గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యబాబోయ్, కార్తీకంలోనా? మీకు ఇక్కడ వాన అయిపోయిందనుకునే రోజుల్లోనే మాకు మొదలండీ. వాయుగుండాలు వరస కట్టి వస్తాయి. మావాళ్లు పడవలు కూడా ఒడ్డుకు లాగేసుకుంటారు. మీరు సైకిలేసుకుని బయల్దేరతారా?"

"అంటే మా వాన పోయి మీ దగ్గర పడ్తదా?" అన్నాడు కాక.

"మీదో మాదో నాకు తెలియదు గానీ, పడటం మాత్రం ఖాయమండీ."

కాక నా వైపు తిరిగి, "చూసినవా, వానకు సుత షిఫ్టులున్నయ్. మనకు ఫస్ట్ షిఫ్టు, వీళ్లకు సెకండ్ షిఫ్టు" అన్నాడు. టీచరమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వి, ఆమే ముహూర్తం పెట్టింది. మాఘమాసం. వాయుగుండాలు ఉండవు, ఎండ ముదరదు, చలిగాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి కాకినాడ నుంచి కిందికి తొక్కితే గాలి వీపు మీద తోస్తుంది. గోదావరి పాయ దగ్గర సైకిల్‌తో సహా పంటు, అంటే బల్లకట్టు పడవ, ఎక్కి దాటొచ్చు.

"అక్కడే కదండీ మొగ" అంది.

"మొగ అంటే?"

"గోదావరి సముద్రంలో కలిసేచోటు."

కాక మ్యాపు మీద గోదావరి గీత వెంట వేలు పోనిచ్చాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మేము ఎత్తిపోసిన నీళ్లు వాగులకు పోతయ్, వాగు గోదాట్ల కలుస్తది. నా పంపు నీళ్లు ఎంత దూరం పోయినయో చూడాలె అనుకున్న. మొగ అంటే మొగమే గదా టీచరమ్మా? ఇన్నేండ్లు గోదారిని ఎనకనుంచే చూసిన. ఒక్కపాలి మొగం చూసొస్త."

టీచరమ్మ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. ప్రశ్నపత్రాలు మర్చిపోయి వెళ్లిపోయింది, మళ్లీ మర్నాడొచ్చి తీసుకుంది.

ఇక ఆ వానాకాలం అంతా నా ఫోనులో రెండు ఊళ్ల వానలు. చిత్రమేమంటే, కాక ఇక్కడ వాన పడాలని కోరుకునేవాడు. వానలో రోడ్డు మీద జనం ఉండరు. నెత్తి మీదికి టోపీ లాక్కున్న రెయిన్ కోటు, కాళ్లకు గంబూట్లు వేసుకుంటే ఎవరు ఎవరో తెలియదు. అందుకని దంచి కొట్టే వానలోనే సైకిల్ బయటికి తీసేవాడు. వెనక సందులో ఎక్కి, గోదావరి బ్రిడ్జి దాకా పోయి తిరిగి వచ్చేవాడు. అందరూ నన్ను "వాన తగ్గుతదా?" అని అడిగేవాళ్లు. కాక ఒక్కడే, "ఇంకా పెద్దగ అయితదా?" అని అడిగేవాడు. "అవుతది" అంటే మురిసిపోయి గంబూట్లు వేసుకునేవాడు. తిరిగొచ్చాక తల తుడుచుకుంటూ, "ఇయ్యాల గాలి ఎదురు. సముద్రం గాలి ఇంతకంటె ఎక్కువుంటదా?" అనేవాడు. నాకేం తెలుసు? నేను కూడా సముద్రం చూడలేదు. "తక్కువే ఉంటది కాకా" అనేదాన్ని ధీమాగా.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం. అంత వాన నేను ఎప్పుడూ చూడలేదు, ఎదురుగా ఉన్న టీ కొట్టు కూడా కనపడటం లేదు. కాక సైకిల్ మీద సందులోంచి బయటికొచ్చాడు. ఎప్పుడూ నేరుగా పోయేవాడు, ఆ రోజు మాత్రం మా షాపు ముందు నీళ్లలో గుండ్రంగా ఒక చుట్టు తిరిగాడు. రెండు చేతులూ వదిలేశాడు. నేను ఫోను తీశాను. ఆయన చూసి, "ఎవ్వలకు చూపకే రేడియో!" అని అరిచాడు. అరిచి, ముఖం పైకెత్తి, నోరు తెరిచి వాన నీళ్లు పట్టి, "గిది కొత్త వాన! సల్లగున్నదే, కొత్త వాన!" అన్నాడు.

దేవుడా, ఆ వీడియో ఎంత బాగుందో. చూసిన కొద్దీ కడుపు నిండిపోయేది. సాయంత్రం దాకా పదిసార్లు చూసుకున్నాను. మొహం కనపడటం లేదు కదా, టోపీ ఉంది కదా అనుకున్నాను. ముందు "ఎవ్వలకు చూపకే" అన్న ముక్క కత్తిరించాను. చూడండి, అంత తెలివి ఉంది నాకు. కత్తిరించి స్టేటస్ పెట్టుకున్నాను.

మొహం కనపడలేదు. మాట వినపడింది. కొత్త వాన అనే మనిషి మా కాలనీలో ఇంకెవరున్నారు?

పొద్దు గూకక ముందే చిన్నమ్మ వచ్చింది. గొడుగు కూడా లేదు. చీర ఒంటికి అతుక్కుపోయి, నీళ్లు కారుతూ, షట్టరు దగ్గరే నిలబడింది.

"ఏం పని చేసినవే పిల్లా? నీ దోస్తానికి నా బిడ్డ నౌకరి దొరికిందా?"

తీసేశాను. ఆమె కళ్లముందే తీసేశాను. ఎంతమంది చూశారో ఫోను చెప్పింది. ఎవరు ఎవరికి పంపారో అది చెప్పదు కదా. "ముఖం కనబడ్తలేదు చిన్నమ్మా" అన్నాను. ఆమె నన్ను తిట్టను కూడా తిట్టలేదు. "మీ కాకను ఇంటికి రమ్మను" అని చెప్పి, ఆ వానలోనే పోయింది. కాక అప్పటికి వెనక గదిలో సైకిల్ తుడుస్తున్నాడు. అంతా విన్నాడు. బయటికి వచ్చి, గోడ పట్టుకుని, ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ ఆమె వెనకే పోయాడు. సైకిల్‌ని ఆ తర్వాత మళ్లీ ముట్టుకోలేదు.

బతుకమ్మ పండుగకు ముందు బోర్డు పిలిచింది. ఏం జరిగిందో లావణ్యక్క చెప్తే తెలిసింది. డాక్టర్లు మోకాళ్లు చూశారు, ఎక్స్‌రేలు చూశారు, నడవమన్నారు, చూశారు. చివరికి ఒక డాక్టరు, "సైకిల్ తొక్కుతావా?" అని అడిగాడట.

కాక, "తొక్కుత సార్. నడువుడే అయితలేదు" అన్నాడట.

లోపలి పనికి పనికిరాడు, పైన కూర్చుని చేసే పని ఇవ్వొచ్చు అని రాశారు. డాక్టర్లు చూసింది చూసినట్టు రాశారు, వాళ్లననడానికి ఏముంది? పైన ల్యాంప్ రూంలో, బాయి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే పని. నౌకరీ ఆయనకే ఉండిపోయింది. అక్కకు రాలేదు.

ఆ సైకిల్ ప్రశ్న అందరినీ అడుగుతారేమో. మోకాళ్లన్న ప్రతి మనిషినీ అడుగుతారేమో. మళ్లీ బోర్డుకు పెట్టుకునే కాగితం ప్రింటు తీయించుకోవడానికి కాకతో పాటు వచ్చినప్పుడు చిన్నమ్మ, నా వైపు చూడకుండానే, గోడకు చెప్పినట్టు అంది: "ఆ దినం బోర్డుకు పోయినోళ్లల్ల ఇంకెవ్వల్ని అడగలేదంట."

కాక, "నేను అందరి పక్కన ఉన్నానా, వినడానికి?" అన్నాడు.

"పోనీ, అడిగిండ్రు. తొక్కనని చెప్తే నోరు పడిపోవునా? ఒక్క మాట. బిడ్డ కోసం ఒక్క మాట."

"పడిపోదు" అన్నాడు కాక. "కాని తొక్కుతున్న గదా."

నేను కాగితాలు ఇచ్చాను. స్టాప్లర్ పిన్ను అడ్డంగా పడితే మళ్లీ తీసి కొట్టాను. చెప్పాలనే ఉంది. ఆ డాక్టరు ఎందుకు అడిగాడో నాకు తెలుసేమో అని, నా వల్లే ఏమో అని. నోరు తెరిస్తే మూయని దాన్ని, ఆ ఒక్క ముక్క రాలేదు. ఆ రోజు రాలేదు, దీపావళికి రాలేదు, కార్తీకంలో కోస్తా అంతా వాయుగుండం అని టీవీలో చూపించినప్పుడూ రాలేదు.

పాత షిఫ్టులో కాకను తన బండి మీద తీసుకుపోయే మనిషి ఉండేవాడు. కొత్త షిఫ్టులో ఎవరూ లేరు. ఆటో చౌరస్తా దాకానే. అక్కడి నుంచి మా షాపు ముందు నుంచి పోయే ఎక్కుడు రోడ్డు, ఆ చివర బాయి గేటు. సైకిల్ మీద అయితే ఆయనకు రెండు నిమిషాలు. అది మా వెనక గదిలోనే ఉంది. ఆయన దాని ముందు నుంచే రోజూ నడిచేవాడు. కరెంటు స్తంభం దగ్గర ఒకసారి ఆగేవాడు, కల్వర్టు దగ్గర ఒకసారి, మా షాపు ముందు ఒకసారి. ఆగినప్పుడు ఏదో చూస్తున్నట్టు నిలబడేవాడు. నేను లోపలి నుంచి చూసేదాన్ని. ఒక్కోసారి కౌంటరు ముందు మనుషులు ఉన్నా, వాళ్లు అడిగింది వినపడేది కాదు.

రెండో బోర్డు పిలుపు రాలేదు, ఆయన ఉండగా ఇక రానేలేదు. మాఘం మాత్రం వచ్చింది. మేం అనుకున్న వారమే. పొద్దున ఫోను తీస్తే అలవాటు కొద్దీ ఆ ఊరి వాతావరణం ముందు వచ్చింది. అంతర్వేది. నిర్మలం. చినుకు లేదు. గాలి ఈశాన్యం నుంచి, మెత్తగా. టీచరమ్మ చెప్పినట్టే ఉంది, ఒక్క ముక్క తేడా లేదు.

అదే రోజు కాక మా షాపు ముందు ఆగాడు. ముఖం పాలిపోయి ఉంది. నేను ఉరికి బయటికి వచ్చాను.

"కాకా, నా స్కూటీ ఉన్నది, ఎక్కు. గేటు కాడ దింపుత."

"వద్దు బిడ్డా. మళ్ల బోర్డుకు పెట్టిన గదా. నడిచేది చూడాలె, కుంటేది చూడాలె. చూసెటోళ్లు చూడనీయ్."

"అయితె నేను సుత నడుస్త" అని పక్కన చేరాను. రెండు అడుగులు వేశాక ఆయన అడిగాడు, రోడ్డు వైపు చూస్తూనే.

"ఇయ్యాల ఆడ ఎట్లున్నది?"

నిర్మలం అని ఎట్లా చెప్పను? ఈ రోజు ఆయన కాకినాడలో సైకిల్ ఎక్కి ఉండాల్సిన రోజు.

"ముసురు పట్టింది కాకా. రెండు దినాల సంది ఆగుత లేదంట. రోడ్లన్నీ ఖరాబు. ఎవ్వరు బయటికి వెళ్తలేరు."

ఆయన ఆగాడు. నా వైపు తిరిగి, పంపు చప్పుడు విన్నట్టు తల ఒక పక్కకు వంచి చూశాడు.

"మాఘంల ఆడ వాన ఎక్కడిదే?" అని నవ్వాడు. "అబద్ధం చెప్పుడు నీకు రాదు."

ఆ నవ్వు చూశాక ఇక ఆగలేదు. ఇన్ని నెలలు గొంతులో పెట్టుకున్నది ఒక్కసారిగా వచ్చేసింది. "కాకా, నేనే... నేను పెట్టిన ఆ వీడియో చూసినందుకే డాక్టరు నిన్ను..."

"ఏ వీడియో?" అన్నాడు.

ముఖం ఎంత మామూలుగా పెట్టాడంటే, ఆ వానలో చేతులు వదిలి తిరిగింది వేరే ఎవరో అన్నట్టు.

"నాకు ఏ వీడియో తెల్వదు బిడ్డా."

బోర్డు ముందు బిడ్డ కోసం ఒక్క మాట అనలేని మనిషి. మా చిన్నమ్మ బతిమాలితే "తొక్కుతున్న గదా" అన్న మనిషి. నేను ఆయన ముఖం వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు. గేటు వైపు చూస్తూ చెయ్యి చాపి నా భుజం పట్టుకున్నాడు. అంతకు ముందు ఎప్పుడూ పట్టుకోలేదు. ఒళ్లంతా నా మీద వేశాడు.

"పా" అన్నాడు. "షిఫ్టు సైరన్ అయితది."